పడగ్గదికి వైఫై అందకపోతే: రిపీటరా, మెష్షా, ఇరవై మీటర్ల తీగా?

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మూడో అంతస్తు ఫ్లాటు ఒకటి అనుకోండి. ఒంగోలు లాయర్‌పేటలో కింద రెండు గదులు, పైన రెండు గదులున్న సొంతిల్లు ఇంకొకటి. పొదిలి దగ్గర పల్లెలో చిన్న మిద్దె మూడోది. మూడిళ్లలోనూ గోల ఒకటే: "వంద ఎంబీపీఎస్ ప్లాన్ కడుతున్నాం, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటది." మూడిళ్లకీ చుట్టుపక్కల వాళ్లు చెప్పేది కూడా ఒకటే: రిపీటర్ (రూటర్ సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే చిన్న పెట్టె) పెట్టించుకోమని. కానీ ఫ్లాటులో గొడవ పక్కిళ్ల వైఫైలతో. సొంతింట్లో అడ్డం మధ్యనున్న స్లాబు. పల్లెలో చాలాసార్లు లైనే బలహీనంగా ఉంటుంది. ఈ మూడింటిలో రిపీటర్ కాస్తో కూస్తో పనికొచ్చేది రెండో ఇంట్లోనే, అక్కడ కూడా అంతకంటే మంచి దారి ఉంది.

అందుకే ఏది కొనాలనే ప్రశ్న తర్వాత. ముందు ఎక్కడ తగ్గుతోందో కొలవాలి. దానికి మొత్తం మీద అరగంట పని చాలు, ఖర్చేమీ లేదు.

ముందు కొలత

ఫైబర్ తీగ వచ్చి దిగే పెట్టెను లైన్‌మన్లు ఓఎన్‌టీ అనో, ఓఎన్‌యూ అనో, ఉత్త "మోడెం" అనో అంటారు. చాలా ఇళ్లలో వైఫై ఇచ్చేది కూడా అదే పెట్టె. ల్యాప్‌టాప్ ఉంటే దాని వైఫై ఆపేసి, లాన్ తీగతో ఆ పెట్టెకు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. వంద ప్లాన్‌కు 90 నుంచి 95 వస్తే లైను బాగున్నట్టే. ఇదే పరీక్ష తెల్లారి ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చేయాలి. పొద్దున 95 వచ్చి రాత్రి తీగ మీదే 20కి పడిపోతుంటే ఆ రద్దీ మీ ఇంటి బయటిది. అప్పుడు పదివేల రూటర్ పెట్టినా ఒక్క ఎంబీపీఎస్ పెరగదు. ఆ రెండు టెస్టుల స్క్రీన్‌షాట్లు తీసి కనెక్షన్ ఇచ్చిన వాళ్లకు పంపండి. "స్లోగా ఉందండీ" అంటే "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్న జవాబే వస్తుంది. తీగ మీద తీసిన అంకెలు చూపిస్తే ఆ మాట అనడం కష్టం.

ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్‌తో సరిపెట్టుకోవచ్చు. పెట్టెకు ఒకటి రెండు మీటర్ల దూరంలో, గోడ అడ్డం లేకుండా, పెట్టె ఇచ్చే రెండు వైఫై బ్యాండ్లు 2.4, 5 గిగాహెర్ట్జ్‌లలో 5 పేరుకు కలిపి చూడాలి. 2.4 పేరు మీద చూసి లైన్‌మన్‌తో తగువు పెట్టుకోవద్దు. తక్కువ ధర ఫోన్లకు 2.4లో అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కాగితం మీద వచ్చే వేగమే 72, అందులో చేతికి అందేది నలభై, యాభై.

పల్లెల్లో, పట్టణం శివార్లలో ఇంకో పని కూడా చేయాలి. ఓఎన్‌టీ మీద ఎల్ఓఎస్ అన్న దీపం ఎర్రగా వెలిగినా, మిణుకుమిణుకుమన్నా వెలుతురు సరిగ్గా రావడం లేదని అర్థం. దీపాలు బాగానే ఉన్నా, బ్రౌజర్‌లో పెట్టె అడ్రసు కొట్టి (చాలావాటికి 192.168.1.1, పెట్టె అడుగున చీటీ మీద ఉంటుంది) లోపలికెళ్తే ఆప్టికల్ ఆర్ఎక్స్ పవర్ అన్న అంకె, అంటే పెట్టెకు అందే వెలుతురు బలం, కనిపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 వరకూ ఉంటే నిశ్చింత. జీపాన్ (ఇళ్ల ఫైబర్ కనెక్షన్లలో ఎక్కువగా వాడే పద్ధతి) పెట్టెలకు మైనస్ 27 దాదాపు ఆఖరు గీత. మైనస్ 26, 27 దగ్గర ఉంటే గాలివాన రాత్రి కనెక్షన్ ఊడి ఊడి కలుస్తుంది. కరెంటు స్తంభాల మీద వేలాడుతూ వచ్చే తీగ ఎక్కడో నలిగి ఉంటుంది, లేదా అతుకు చెడి ఉంటుంది. ఇంట్లోనే టీవీ వెనక మేకుకు చుట్టి బిగించిన వంపైనా కారణం కావచ్చు. మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే ఇరుగ్గా ఫైబర్‌ను వంచకూడదు. వంపు విప్పగానే అంకె రెండు మూడు మెరుగుపడితే దొంగ దొరికినట్టే.

లైను బాగుందని తేలాక అదే ఫోన్ పట్టుకుని ఇబ్బందిగా ఉన్న గదిలోకి వెళ్లండి. ఆండ్రాయిడ్‌లో వైఫై అనలైజర్ రకం ఆప్‌లు సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చూపిస్తాయి, మైనస్ తర్వాతి అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. ఐఫోన్‌లో యాపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ ఆప్‌కు సెట్టింగ్స్‌లో వైఫై స్కానర్ ఆన్ చేస్తే అదే పని చేస్తుంది. మైనస్ 60 లోపు ఉంటే బ్రహ్మాండం. మైనస్ 67 దాకా వీడియో కాల్ సాఫీగా నడుస్తుంది. 75 దాటితే తడబాటు మొదలవుతుంది, 80 దాటితే గీతలు కనిపిస్తాయి గానీ పని జరగదు.

ఇప్పుడు తేల్చడం సులువు. తీగ మీద బాగుండి, రూటర్ పక్కనే నెమ్మదిగా ఉంటే తప్పు రూటర్‌ది, లేదా దాని సెట్టింగ్‌ది. రూటర్ పక్కన బాగుండి గదిలో పడిపోతే అడ్డంకి దూరమో, గోడో, స్లాబో. గదిలో ఒక ఫోన్‌కు బాగుండి ఇంకో ఫోన్‌కే రాకపోతే ఆ రెండో ఫోన్‌ను చూసుకోవాలి. మెగాబైట్లకూ మెగాబిట్లకూ తేడా మరిచి కంగారు పడేవాళ్లు కూడా ఉన్నారు. వంద ఎంబీపీఎస్ లైనులో డౌన్‌లోడ్ సెకనుకు 12 మెగాబైట్లు చూపిస్తే అది నూటికి నూరు పాళ్లూ వస్తున్నట్టే.

పైసా ఖర్చు లేని మరమ్మతులు

రూటర్ చోటు మొదటిది. ఫైబర్ తెచ్చిన అబ్బాయి తలుపు పక్కనే, టీవీ స్టాండు లోపల పెట్టేసి పోతాడు, అతనికి తీగ కలిసొస్తుంది. ఆ పెట్టె ఛాతీ ఎత్తులో, బయటికి కనబడేలా, ఇంటి నడుమకు దగ్గరగా ఉండాలి. ఇనుప బీరువా, దాని తలుపుకున్న నిలువుటద్దం, ఫ్రిజ్, చేపల తొట్టె, వీటి వెనక పెట్టకూడదు. ఇనుమూ నీళ్లూ రెండూ వైఫైకి పగ. పడగ్గదికీ హాలుకూ మధ్య గోడకు ఆనించి బీరువా ఉంటే, దాన్ని పక్క గోడకు జరపడం కొన్ని ఇళ్లలో రిపీటర్ చేసే పని చేస్తుంది.

చీమకుర్తి గ్రానైట్ పరిచిన ఇళ్లలో "రాయి వల్ల సిగ్నల్ రాదు" అనే మాట వినిపిస్తుంటుంది. ఆ నల్ల రాయిలో తళుక్కుమనేది లోహం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. నేల మీదో, మెట్ల మీదో పరిచే పలుచని పలక పెద్ద అడ్డమేమీ కాదు. దాని కింద ఇనుప చువ్వలు అల్లి పోసిన కాంక్రీటు స్లాబే అసలు అడ్డం.

యాంటెన్నా కర్ర పైకి లేపి ఉంటే సిగ్నల్ దాని చుట్టూ అడ్డంగా పరుచుకుంటుంది, కొనవైపుకు తక్కువ. ఒకే అంతస్తు ఇంట్లో అన్నీ నిలువుగా ఉంచాలి. పై అంతస్తుకు కూడా కావాలంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టి చూడండి, కొంత లాభం ఉంటుంది.

ఇక ఛానెల్. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి మూడే: 1, 6, 11. ఫ్లాట్లలో ఆప్ తెరిస్తే పదిహేను ఇరవై పేర్లు కనిపిస్తాయి, అందులో సగం 6 మీదే కూర్చుని ఉంటాయి. ఛానెల్ ఎంపిక ఆటోలో ఉన్న రూటర్ చాలావరకు ఆన్ అయినప్పుడే వెతుక్కుంటుంది. కరెంటు పోయి వస్తే భవనంలోని రూటర్లన్నీ ఒకేసారి లేచి, ఖాళీగా ఉందనుకుని ఒకే చోట చేరే ప్రమాదం ఉంది. అందుకని ఆటో తీసేసి, ఆ మూడింట్లో పక్కిళ్ల సిగ్నళ్లు మీ గదిలో తక్కువ బలంతో కనిపిస్తున్న ఛానెల్‌ను మీరే పెట్టండి. 3, 4, 8 లాంటి మధ్య అంకెలు ఖాళీగా కనిపించినా తీసుకోవద్దు, అటూ ఇటూ ఇద్దరితోనూ గొడవే. వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి దించండి. కాగితం మీద వేగం సగమవుతుంది గానీ, రద్దీలో చేతికొచ్చేది పెరుగుతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 వరకు ఒక గుంపు, 149 నుంచి 161 వరకు ఒక గుంపు, ఏది ఖాళీగా ఉంటే అది, 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉండి ఫోన్ మొండిగా 2.4నే పట్టుకుంటుంటే పేర్లు విడదీసి, టీవీకీ ల్యాప్‌టాప్‌కీ 5 పేరు మాత్రమే ఇవ్వండి. గేటు దగ్గర కెమెరా, పాత ఫోను 2.4లో ఉండనివ్వండి.

ఎవరూ చూడని సెట్టింగ్ ఇంకొకటుంది. సెక్యూరిటీలో టీకేఐపీ అని ఉంటే, రూటర్ ఎంత కొత్తదైనా వేగం 54 దాటదు, అసలు అందేది ఇరవై ముప్పై. దాన్ని డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని మార్చాలి. పదేళ్ల కిందటి రూటర్ సెట్టింగులను కొత్త పెట్టెలో దించినప్పుడు ఇది చేరుతుంటుంది.

ఇవన్నీ చేస్తే మాగుంట లేఅవుట్ ఫ్లాటు కథ చాలావరకు ఇక్కడితో తీరిపోతుంది. వెయ్యి, పన్నెండు వందల చదరపు అడుగుల రెండు పడగ్గదుల ఫ్లాటుకు ఇంటి నడుమ ఒక మంచి డ్యూయల్ బ్యాండ్ రూటర్ సరిపోతుంది. అక్కడ మెష్ (ఒకే పేరుతో కలిసి పనిచేసే రెండు మూడు వైఫై పెట్టెలు) పెట్టడమంటే ఇప్పటికే గొడవగా ఉన్న గాలిలో ఇంకో రెండు గొంతులు కలపడమే.

కొనాల్సి వస్తే

దూరం, స్లాబు అడ్డమైన ఇంటికి మూడు దారులున్నాయి. మా లెక్కలో వరస ఇది: తీగ లాగగలిగితే రెండో పెట్టెను తీగ మీద పెట్టడం, లాగలేకపోతే మెష్, అదీ కుదరకపోతే రిపీటర్. రూటర్ ఒక్కదాన్నే మార్చడం వేరే రోగానికి మందు, దాని సంగతి తర్వాత.

రిపీటర్ ఎందుకు ఆఖరంటే, అది విన్నదాన్ని మళ్లీ చెబుతుంది. ఒకే రేడియో మీద వినడం, చెప్పడం రెండూ ఒకేసారి చేయలేదు. అంటే గాలిలో సమయం రెట్టింపు ఖర్చయి, వేగం సగానికి పడిపోతుంది. రిపీటర్‌కు 40 వస్తే మీకు అందేది 20. ఒక బ్యాండ్ మీద విని ఇంకో బ్యాండ్ మీద చెప్పే డ్యూయల్ బ్యాండ్ రకాలు కొంత నయం. వెయ్యి నుంచి రెండు వేలలో దొరికేస్తుంది, గోడకు గుచ్చితే చాలు, ఆ సుఖం కోసమే అమ్ముడవుతోంది. దాన్ని సిగ్నల్ రాని గదిలోనే గుచ్చడం అందరూ చేసే తప్పు. అక్కడ దానికి మాత్రం ఏం వినిపిస్తుంది? రూటర్‌కూ ఆ గదికీ నడుమ, ఫోన్‌లో మైనస్ 60 నుంచి 65 చూపించే ప్లగ్గులో పెట్టాలి. ఒక్క గేటు కెమెరాకో, వసారాలో కూర్చుని వాట్సాప్ చూసుకునే పెద్దాయనకో అయితే రిపీటర్ చాలు. ఆన్‌లైన్ క్లాసుకూ ఇంటి నుంచి ఉద్యోగానికీ దాన్ని నమ్ముకోకండి.

మెష్‌కు ఉన్నది రిపీటర్‌కు లేనిది: పెట్టెలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకుని, మీరు హాలు నుంచి మేడ మీదికి నడుస్తుంటే ఫోన్ దగ్గరి పెట్టెకు మారేలా సాయపడతాయి. పేరు ఒకటే, ఆప్ ఒకటే. కానీ తీగ లేని మెష్‌కు కూడా గాలి ఒకటే. రెండు బ్యాండ్ల మెష్ తమలో తాము మాట్లాడుకోవడానికీ, మీ ఫోన్‌తో మాట్లాడటానికీ అదే 5 గిగాహెర్ట్జ్‌ను పంచుకుంటుంది, సగం అక్కడ పోతుంది. మూడు బ్యాండ్లవి తమ మాటలకు ఒక రేడియో వేరుగా ఉంచుకుంటాయి, ధర కూడా అలాగే ఉంటుంది. రెండు పెట్టెల జత సుమారు ఆరు వేల నుంచి మొదలై రకాన్ని బట్టి పెరుగుతూ పోతుంది. పై అంతస్తులో రెండో పెట్టెను స్లాబు మీద, కింది పెట్టెకు సరిగ్గా నెత్తిన పెట్టొద్దు. మెట్ల మలుపు దగ్గర పెట్టండి. అక్కడ స్లాబు పూర్తిగా అడ్డం ఉండదు, సిగ్నల్ మెట్ల సందు గుండా ఎక్కుతుంది.

తీగ మీద రెండో పెట్టె

లాయర్‌పేట ఇంటికి మా సలహా ఇదే. అటక మీద పడి ఉన్న పాత రూటరైనా పనికొస్తుంది. కింద ఓఎన్‌టీ నుంచి పైకి పదిహేను, ఇరవై మీటర్ల క్యాట్ 6 రకం లాన్ తీగ. మీటరు ఇరవై నుంచి నలభై రూపాయల మధ్య, రెండు జాకులు, ఎలక్ట్రీషియన్ కూలి, అంతే. తీగ మీదుగా పై పెట్టెకు అందే వేగం కింద అందేదానికి ఏమాత్రం తీసిపోదు. నూరు మీటర్ల వరకు ఈ తీగ గిగాబిట్‌ను (అంటే వెయ్యి ఎంబీపీఎస్) అలవోకగా మోస్తుంది.

తీగ కొనేటప్పుడు కొట్లోనే ఒక పని చేయండి. ముక్క తీయించి, లోపలి సన్నతీగను బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. పైన ఎర్రగా, లోపల తెల్లగా తేలితే అల్యూమినియం మీద రాగి పూత, దాన్ని సీసీఏ అంటారు. ఇది వంపుల దగ్గర విరుగుతుంది, జాకులో నాలుగు కాలాలు నిలవదు. పాత డిష్ తీగ పోయిన కన్నమో, పైపో ఉంటే అందులోంచే లాగొచ్చు. కరెంటు తీగలున్న పైపులో మాత్రం దీన్ని దూర్చొద్దు, ప్రమాదం. గోడ బయట నుంచి తెస్తే ఎండకు మామూలు పైతొడుగు పగిలిపోతుంది, కాబట్టి ఔట్‌డోర్ నల్ల తీగ వాడాలి, లేదా పీవీసీ పైపులో తీసుకెళ్లాలి.

జాకు బిగించే రంగుల వరస, జాకు బంగారు పళ్లు మీవైపు, తీగ దూరే వైపు కిందికి పెట్టి ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసలూ ఇదే వరసలో ఉండాలి. పచ్చ జత మధ్యలో నీలం జత దూరుతుంది, అక్కడే చాలామంది తడబడతారు. పచ్చ రెంటినీ పక్కపక్కన పెట్టి వరసగా బిగిస్తే టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వెలుగుతాయి, తీగ పొడవు పెరిగాక మాత్రం వేగం చస్తుంది. ఇంకో లోపం: 4, 5, 7, 8 తీగల్లో ఒక్కటి అంటకపోయినా లింకు గిగాబిట్ నుంచి వందకు దిగిపోతుంది. వందకు 1, 2, 3, 6 నాలుగు తీగలే చాలు కాబట్టి కనెక్షన్ ఆగదు, అంతా బాగున్నట్టే ఉంటుంది. రెండు వందల ప్లాన్ ఉండి పైన ఎప్పుడూ 94 దగ్గరే నిలిచిపోతుంటే అనుమానించాల్సింది జాకునే.

పాత రూటర్‌ను సిద్ధం చేయడంలో వరస ముఖ్యం. రీసెట్ బొత్తం పది సెకన్లు నొక్కిపట్టి, ల్యాప్‌టాప్‌ను దాని లాన్ పోర్టుకు కలిపి, అడుగున చీటీ మీది అడ్రసుతో లోపలికెళ్లండి. మొదట వైఫై పేరు, పాస్‌వర్డ్ కింది పెట్టెకున్నవే అచ్చంగా పెట్టండి, కింద ఛానెల్ 1 అయితే పైన 11. తర్వాత దాని లాన్ అడ్రసు మార్చాలి. కింది పెట్టె 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 లాంటిది, కింది పెట్టె పంచే డీహెచ్‌సీపీ (ఇంట్లోని ఫోన్లకూ పెట్టెలకూ అడ్రసులు పంచే ఏర్పాటు) అంకెల బయట ఉండేది. ఆఖరున డీహెచ్‌సీపీ ఆపేయాలి. ఆపగానే పేజీ తెరుచుకోదు, కంగారు పడొద్దు, పని అయినట్టే. కింది నుంచి వచ్చిన తీగను దాని లాన్ పోర్టులోనే గుచ్చాలి. బయటి లైను కోసం వేరే రంగులో, వేరుగా ఉండే వాన్ పోర్టులో కాదు. సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే ఈ తతంగమంతా ఒక్క నొక్కుతో అయిపోతుంది, అప్పుడు వాన్ పోర్టు కూడా పనిచేస్తుంది.

డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే ఇంట్లో అడ్రసులు పంచేవాళ్లు ఇద్దరవుతారు. ఫోన్ ఒకరోజు కలుస్తుంది, ఇంకోరోజు "కనెక్టెడ్, ఇంటర్నెట్ లేదు" అంటుంది. రెండు పెట్టెల మధ్య రెండు తీగలు కలిపితే ఇంకా ఘోరం, దీపాలన్నీ పిచ్చిపట్టినట్టు ఆడి ఇల్లంతా ఆగిపోతుంది.

పాత రూటర్ ఒకే బ్యాండ్ ఎన్300 రకమైతే పైన ముప్పై నుంచి అరవై వరకు వస్తుందనుకోండి. టీవీకి, ఫోన్లకు అది చాలు. అంతకు మించి కావాలంటే కొత్త డ్యూయల్ బ్యాండ్‌దాన్ని ఇదే తీగ మీద పెట్టండి. మెష్ కొన్నవాళ్లు కూడా ఈ తీగనే రెండు పెట్టెల మధ్య కలుపుకోవచ్చు. నిజానికి మెష్ చక్కగా పనిచేసేది అప్పుడే.

రూటర్ మార్చాలా?

రూటర్ పక్కనే, 5 గిగాహెర్ట్జ్ మీద, ఛానెల్ సరిచేశాక కూడా ప్లాన్ వేగం రాకపోతేనే. లేదా ఇంట్లో ఉన్నది 2.4 మాత్రమే ఉన్న పెట్టె అయితే. కొనేటప్పుడు డబ్బా మీది పెద్ద అంకెను చూసి మోసపోవద్దు. ఏసీ1200 అంటే 2.4లో 300, 5లో 867 కలిపి రాసినది. ఏఎక్స్1500 అంటే 300, 1201. ఏ ఒక్క ఫోన్‌కూ ఆ మొత్తం అందదు, ఒక్కో బ్యాండ్‌లో కూడా చేతికొచ్చేది సుమారు సగం. డబ్బా వెనక చిన్నక్షరాల్లో పోర్టుల వేగం చూడండి. ఏసీ1200 అని రాసి, వాన్ పోర్టు 10/100 మాత్రమే ఇచ్చే రకాలు బోలెడు. వాటిలో రెండు వందల ప్లాన్ పోసినా తొంభై ఐదే కారుతుంది. 10/100/1000 అని ఉండాల్సిందే. వంద లోపు ప్లాన్‌కు గిగాబిట్ ఏసీ1200 చాలు, అంతకు పైన ఏఎక్స్1500, ఏఎక్స్1800 తీసుకోండి. ఏఎక్స్3000 పైవి వాటి 160 మెగాహెర్ట్జ్ వెడల్పు పట్టగలిగే ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటేనే.

కొత్త రూటర్ కొన్నా ఓఎన్‌టీ తీసేయడం కుదరదు. ఫైబర్ దిగేది దానిలోకే. ఏపీ ఫైబర్‌నెట్‌లా టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి వచ్చే కనెక్షన్లలో టీవీ పెట్టె, ల్యాండ్‌లైను కూడా దాని మీదే ఆధారపడతాయి. కొత్తదాన్ని ఓఎన్‌టీ లాన్ పోర్టుకు కలిపి యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, ఓఎన్‌టీ వైఫై ఆపేయండి. లేకపోతే పక్కపక్కనే రెండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి అరుచుకుంటాయి. రూటర్ మోడ్‌లోనే ఉంచితే మామూలు వాడకానికి ఇబ్బంది లేదు గానీ, బయట నుంచి కెమెరా చూసే ఏర్పాట్లు, కొన్ని ఆటలు మొరాయిస్తాయి.

ఎండ, కరెంటు

ఇళ్లలో వాడే చాలా రూటర్ల డబ్బా మీద పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలని రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ నీడలోనే నలభై దాటుతుంది. స్లాబును ఆనుకున్న అటక మీద, అద్దాల టీవీ అల్మారాలో ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం రెండింటికి మొదలై రాత్రికి తగ్గే నెమ్మది, తనంతట తాను రీస్టార్ట్ కావడం ఉంటే వేడిని అనుమానించండి. అల్మారా తలుపు తీసి, పెట్టెను గోడకు నిలువుగా తగిలించి రెండు రోజులు చూస్తే తెలుస్తుంది.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఓఎన్‌టీ ప్లగ్గు ఇన్వర్టర్ మీదుండి, మేడ మీది రెండో పెట్టె ప్లగ్గు లేకపోవడం మామూలే. లైను పోయిందనుకుంటారు, పోయింది ఆ ప్లగ్గులో కరెంటు. ఇన్వర్టర్ లేకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయేదే కొనాలి. 9 వోల్టుల రూటర్‌కు 12 గుచ్చితే కాలిపోవచ్చు. 8,800 ఎంఏహెచ్ అని రాసినది 3.7 వోల్టుల లెక్కన సుమారు 32 వాట్ అవర్లు, నష్టాలు పోను 26. ఎనిమిది వాట్లు తాగే ఓఎన్‌టీ ఒక్కటే అయితే మూడు గంటలు, దానికి రూటర్ కూడా తోడైతే గంటన్నర.

రొయ్యల గుంట దగ్గర షెడ్డుకు

తీరం వైపు ఇళ్లవాళ్లు ఇంటి నుంచి గుంట కాడి షెడ్డుకు, కెమెరాల కోసం, వైఫై అడుగుతుంటారు. రెండు మూడు వందల మీటర్లకు రిపీటరూ మెష్షూ రెండూ దండగే. లాన్ తీగ నూరు మీటర్లకే ఆగుతుంది. పొలం గట్టు మీద రాగి తీగ లాగితే పిడుగుల భయం కూడా ఉంది. దీనికి 5 గిగాహెర్ట్జ్ ఔట్‌డోర్ సీపీఈ అనే పలకల జత ఉంటుంది. ఒకటి ఇంటి మేడ మీద, ఒకటి షెడ్డు గుంజకు, ఒకదానికొకటి ఎదురెదురుగా, మధ్యలో కొబ్బరి చెట్టు గానీ టార్పాలిన్ షెడ్డు గానీ అడ్డం రాకుండా బిగించాలి. ఆకులు తడిస్తే సిగ్నల్ సగం తాగేస్తాయి, కాబట్టి వానాకాలంలో చూసి బిగించినదే నిలుస్తుంది. ఉప్పు గాలికి జాకు పళ్లు పచ్చబడి అంటుకోవడం మానేస్తాయి. పలక అడుగున తీగ లోపలికి దూరే చోట రబ్బరు మూత బిగించి, తీగను కిందికి ఒక వంపు వేలాడదీయండి, నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. షెడ్డులో ఏరేటర్ మోటర్లు నడిచే ఫేజు మీదే పలక అడాప్టర్ కూడా ఉంటే, మోటరు స్టార్టయిన ప్రతిసారీ వోల్టేజి కుంగి పలక రీస్టార్ట్ అవుతుంది. దాన్ని వేరే ఫేజుకు మార్చండి, లేదా అక్కడే ఇందాకటి మినీ యూపీఎస్ రకం పెట్టండి, కాకపోతే పలకకు కావాల్సిన వోల్టులు 24 అయితే యూపీఎస్ కూడా 24ది కావాలి.